ఆపరేషన్ పచ్చవేరు

డాక్టర్ పెదకోటయ్య చనిపోయేటప్పటికి ఆయన కుడిచేతిలో స్పిరిట్ సీసా ఉంది.

విజయపురి సౌత్‌లో తన ల్యాబ్‌లోనే, బల్ల మీద తల వాల్చి, అలిసిపోయి కునుకు తీస్తున్నవాడిలా ఉన్నాడు. చెవి వెనక చిన్న రంధ్రం. వెనకవైపు కిటికీ బార్లా తెరిచి ఉంది. సైలెన్సర్ బిగించిన పిస్టల్ పని. వరండాలో కూర్చున్న వాచ్‌మన్‌కి చీమ చిటుక్కుమన్నట్టు కూడా వినపడలేదు. బల్ల మీద గాజుగ్లాసులో నీళ్లలాంటిదేదో సగానికి ఉంది. తలుపు బద్దలుకొట్టి లోపలికొచ్చిన ఇన్‌స్పెక్టరు సీసా వాసన చూశాడు, గ్లాసు వాసన చూశాడు, ముక్కు చిట్లించాడు.

"పెద్ద సైంటిస్టన్నారు. స్పిరిట్ తాగే రకమా ఈయన!"

చచ్చినవాడి మీద ఎంత మాటైనా అనొచ్చు, లేచొచ్చి కాదనడు గదా. సాయంత్రానికల్లా మాచర్ల బస్టాండు దాకా అదే మాట పాకింది. చచ్చేముందు ఆ సీసాతో ఆయన ఏం చేస్తున్నాడని మాత్రం ఒక్కడూ అడగలేదు.

*

మర్నాడు పొద్దున నరసరావుపేటలో మాచర్ల పాసింజరు ఫస్ట్‌క్లాస్ పెట్టెలోకి ఒక పురుగుమందుల సేల్స్‌మన్ ఎక్కాడు. అది 1986 మార్చి నెల. పత్తి ఏరడం అయిపోయి, మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్న రోజులు. ఈ కాలంలో పురుగుమందు ఎవడు కొంటాడయ్యా అని ఎవరైనా అడిగి ఉంటే వేషం అక్కడే చిరిగిపోయేది. అదృష్టం బాగుండి ఎవరూ అడగలేదు. టెరికాటన్ ప్యాంటు, రెక్సిన్ బ్యాగు, జేబులో పెన్నులు. వాటిలో ఒకటి పెన్ను కాదు, కెమెరా. బ్యాగులో టిఫిన్ క్యారియర్ ఉంది. పై గిన్నెలో పులిహోర, కింది గిన్నెలో వైర్‌లెస్ సెట్టు.

అతని పేరు ఇన్నయ్య. ఊరు రెంటచింతల. డిపార్ట్‌మెంట్‌లో కోడ్‌నేమ్ నాపరాయి.

ఆ పేరు మొదట్లో అతని ఊరి క్వారీలను చూసి పెట్టారు. తర్వాత మనిషికే సరిపోయింది. కొన్నేళ్ల కిందట సరిహద్దులో ఒక మిషన్ చెడి, తోటి ఏజెంట్ నాగూర్ వలి తూటా తగిలి మంచులో పడిపోయాడు. సాయం వచ్చేదాకా ఇన్నయ్య అతని చెయ్యి పట్టుకునే కూర్చున్నాడు. సాయం వచ్చేసరికి నాగూర్ వలి లేడు. ఇన్నయ్య కుడిచెయ్యీ లేదు. అంటే, ఉంది. వేళ్లు కదులుతాయి, పట్టు ఉంది, కానీ నిప్పుకణిక పెట్టినా తెలియదు. మంచుకు నరాలు చచ్చాయన్నారు మిలిటరీ డాక్టర్లు.

అది చేతితో ఆగితే బాగుండేది. ఆ రోజు ఇన్నయ్యకు ఏడుపు రాలేదు. తర్వాతా రాలేదు. ఆ వెనకే నవ్వూ కోపమూ భయమూ కూడా ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. ఇప్పుడు అన్నం తింటాడు, రుచి తెలియదు. మంచి నిద్ర పోతాడు, కలలు రావు. ఇలా అయిపోయానే అని బాధపడాలని అప్పుడప్పుడూ గుర్తొస్తుంది గానీ, ఆ బాధ కూడా రాదు.

పెట్టెలో ఎదురు సీట్లో పచ్చ లుంగీ, మెడలో తాయెత్తు, ఒళ్లో సీసాల పెట్టెతో ఒక అత్తరు సాయిబు కూర్చున్నాడు.

"ఎత్తిపోతలలో నీళ్లు తగ్గాయా?" అన్నాడు ఇన్నయ్య.

"నీళ్లు తగ్గలేదు. వినేవాళ్లు తగ్గారు," అన్నాడు సాయిబు.

కోడ్ సరిపోయింది. రైలు కదిలింది. చీఫ్ చాంద్ బాషా పెట్టె తలుపు గొళ్లెం వేసి వచ్చి, ఆ సాయిబు వేషంలోనే బ్రీఫింగ్ మొదలుపెట్టాడు.

"హువాంగ్ చీ అని చైనా వైద్యులు ఏనాటి నుంచో వాడే మొక్క. పచ్చటి వేరు. పెదకోటయ్య దాన్ని ఉడకబెట్టి అందులోంచి ఒక పాలీశాకరైడ్ లాగాడు. తెల్లపొడి. చక్కెరకి చక్కెర ముడేసి గొలుసు కట్టినట్టు ఉంటుందట మాలిక్యూల్. బయోయాక్టివ్."

"ఏం చేస్తుంది సార్?"

"క్యాన్సర్ మందులకి ఒళ్లు చితికిపోతుంది చూడు, అప్పుడు లోపల కాపలా కాసే కణాల్ని నిద్రలేపుతుందని ఆయన నమ్మకం. జబ్బు పోగొడుతుందని ఆయనా అనలేదు. మనిషిని నిలబెడితే చాలన్నాడు. నీళ్లలో కరుగుతుంది, స్పిరిట్‌లో కరగదు. తేమ తగిలితే బెల్లంలా ముద్దయిపోతుంది, అందుకే రేకు పొట్లాల్లో పెట్టి సీలు వేస్తాడు. నా బుర్రకెక్కిన సైన్సు అంతవరకే."

"చంపిందెవరు?"

"జేడ్. విదేశీ ముఠా. మందులు కనిపెట్టే ఓపిక లేక, కనిపెట్టినవాళ్ల దగ్గర ఎత్తుకుపోయి సొంత పేటెంట్ వేయించుకునే రకం. ఫార్ములా కోసం వచ్చారు, దొరకలేదు, చంపి పోయారు. మందుపెట్టె మాత్రం బీరువాలోనే ఉంది. తాళం, సీలు చెక్కుచెదరలేదు. గురజాల కరుణమాత ఆసుపత్రిలో క్యాన్సర్ వార్డుకి పోయిన ఆదివారం మొదటి డోసు ఇచ్చారు, అందరూ బాగానే ఉన్నారు. రేపు రెండోది. అది తప్పితే ఆయన ట్రయల్ మొత్తం గంగలో కలిసినట్టే. పెట్టె గురజాల చేర్చాలి. దారిలో ముఠా మీద పడుతుంది."

"పడుతుందని ఎవరు చెప్పారు?"

"మిస్ పూనమ్. ముఠాలో మన మనిషి. ఎత్తిపోతల దగ్గర నిన్ను కలుస్తుంది."

సాతులూరు, పిడుగురాళ్ల అంటూ ఏవేవో ఊళ్లు చెప్పుకుంటూ ఎవరో పక్క పెట్టెలో తగువులాడుకుంటున్నారు. చీఫ్ గొంతు తగ్గించాడు.

"ఇన్నయ్యా, ఆ వార్డులో మీ అక్క ఉంది."

"తెలుసు సార్."

"వద్దంటే వేరేవాణ్ని పంపుతాను."

"అవసరం లేదు సార్."

అమ్మ పోయాక ఇన్నయ్యను పెంచింది రాజమ్మే. రెంటచింతల ఎండలో, అదీ మామూలు ఎండ కాదు, క్వారీలో నాపరాళ్లు మోసి పెంచింది. ఆమెకు క్యాన్సరని తెలిసిన రోజు ఇన్నయ్య ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, టీ తాగి, ఆఫీసుకు వెళ్లాడు. ఆమెకేమైనా అయితే తనకింక ఈ లోకంలో ఎవరూ లేరు. ఆ సంగతి లెక్కలాగా తెలుసు. అంతే, అంతకుమించి లోపల ఏమీ కదలలేదు.

చీఫ్ అతని ముఖం కాసేపు చూసి, ఒక సీసా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాడు. "మల్లె అత్తరు. తెలుస్తోందా?"

"లేదు సార్."

చీఫ్ మూత బిగించేశాడు.

*

ఆదివారం పొద్దున ఇన్నయ్య ల్యాబ్ బీరువా తెరిపించి మందుపెట్టె తీసుకున్నాడు. దాని సీలు పక్కన, పద్ధతి ప్రకారం, తన సీలు కూడా వేశాడు. జీపులో పక్కసీట్లో పెట్టుకుని బయల్దేరి ఎత్తిపోతల దగ్గర ఆపాడు.

గులాబీరంగు షిఫాన్ చీర, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల చెప్పులు. జలపాతం చూడ్డానికొచ్చిన కాలేజీ కుర్రాళ్లంతా జలపాతానికి వీపు పెట్టి ఆమెనే చూస్తున్నారు. ఇన్నయ్య కోడ్ అడిగాడు. ఆమె తడుముకోకుండా చెప్పింది.

"నాపరాయి అంటే ఇంకా మోటుగా ఉంటారనుకున్నాను," అంది నవ్వుతూ, ఫారిన్ సెంటు గుప్పున కొడుతుంటే జీపెక్కి కూర్చుని. "ముగ్గురు ఉంటారు. రెండో మలుపులో."

సరిగ్గా రెండో మలుపులో తాటిమొద్దు రోడ్డుకు అడ్డంగా ఉంది. ముగ్గురు ముసుగువాళ్లు కత్తులు దూసి దూకారు. ఇన్నయ్య మొదటివాణ్ని జీపు తలుపుతోనే పడగొట్టాడు. రెండోవాడి కత్తిని అంచుతో సహా కుడిచేత్తో పట్టుకుని లాగేశాడు. నెత్తురు కారింది గానీ అదేమీ అతనికి తెలియలేదు, చూస్తే కనిపించిందంతే. ఆ చేతిని చూడగానే ముగ్గురూ తుప్పల్లోకి పారిపోయారు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇదీ విడ్డూరమే. పల్నాటివాడు కత్తి దూశాడంటే చూపించి పోవడానికి దూయడు. ఓడిపోతే ఓడిపోతాడు, పోతూ పోతూ నీ అంతు చూస్తానని నాలుగు మాటలైనా అని పోతాడు. నోరు మెదపకుండా పారిపోయే దొంగల్ని ఈ గడ్డ మీద ఇన్నయ్య ఎన్నడూ చూడలేదు. అనుమానం లోపల ఎక్కడో తలుపు తట్టింది. తీసేవాళ్లే లేరు. తాటిమొద్దు దొర్లించి జీపు స్టార్ట్ చేశాడు.

పూనమ్ తన చేతిరుమాలు చింపి అతని అరచేతికి కట్టు కట్టింది.

"నొప్పిగా లేదూ?"

"లేదు."

"బొత్తిగా?"

"బొత్తిగా."

"అదృష్టవంతులు," అంది ఆమె. ఆ మాట ఒక్కటీ నిజంగానే అన్నట్టుంది.

*

గురజాల శివార్లలో కరుణమాత ఆసుపత్రి. ఒక పక్క చర్చి, ఇంకో పక్క గోడ అవతల ఎవరిదో మిరపకల్లం. ఎర్రగా పరిచిన కాయల ఘాటుకు వార్డులో రోగులు దగ్గుతూ ఉంటారు, నర్సులు ఆ రైతును తిడుతూ ఉంటారు, ఆయన కల్లం తీయడు. డాక్టర్ సిస్టర్ బెనెడిక్టా పెట్టె చుట్టూ తిప్పి చూసింది.

"పెదకోటయ్యగారు లేరు గదా, ఒక పొట్లం గుంటూరు పంపి టెస్టు చేయించాకే ఇద్దామనుకున్నాను. ఇన్నయ్యగారూ, ఇది మీ సీలేనా?"

"నాదే సిస్టర్. బీరువాలోంచి నేనే తీశాను. దారిలో మీద పడినా పెట్టె వదల్లేదు."

ఆమె కట్టు కట్టిన చేతిని చూసింది. "అయితే ఇంకేం కావాలి!" అని సీలు తెంపింది.

తలుపు దగ్గర నిలబడ్డ పూనమ్ కళ్లద్దాలు సర్దుకుంది.

వార్డులో రాజమ్మది కిటికీ పక్క మంచం. జుట్టంతా ఊడిన తలకు పాత చీరముక్క చుట్టుకుంది. చేతులు ఎండిన జొన్నదంటుల్లా ఉన్నాయి. కళ్లు మాత్రం పాత రాజమ్మవే.

"ఏందిరా ఇన్నిగా, చేతికా గుడ్డ?"

"గీసుకుంది అక్కా."

"నెప్పా?"

"లేదు."

"నీకెప్పుడు తెలిసిందిలే! అన్నం తిన్నావా? మొకం చూడు, పీక్కపోయింది. నాకు జబ్బా, నీకా?"

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఏదైనా మంచి మాట చెప్పాలి. ఆమె చెయ్యి పట్టుకున్నాడు గానీ కుడిచేత్తో పట్టుకున్నాడు, అది వెచ్చగా ఉందో చల్లగా ఉందో తెలియలేదు.

ఈలోగా నర్సులు పొట్లాలు చింపి, ఒక్కో మంచం పక్కనా కాగితం మీద సగం పొడి, గ్లాసులో సగం పొడి పోశారు. ఇప్పుడు సగం, కాసేపాగి సగం అని రూలు. వార్డు మధ్యలో డేగిశాలో మరుగుతున్న నీళ్లు తెచ్చి గ్లాసుల్లో పోసుకుంటూ పోయారు. ఆవిరి గదంతా కమ్ముకుంది. అందరూ గ్లాసులు పట్టుకున్నారు. కానీ కరుణమాతలో ప్రార్థన కాకుండా మాత్ర బిళ్ల కూడా మింగనివ్వరు. చర్చి ఉపదేశి అంతోని లేచి నిలబడ్డాడు.

అంతోని ప్రార్థన మొదలుపెడితే ఎప్పుడు ముగుస్తుందో ఆ దేవుడికే తెలియాలి. రోగుల కోసం, డాక్టరమ్మ కోసం, పోయిన పెదకోటయ్యగారి ఆత్మ కోసం, వర్షాల కోసం, మిరపకాయకు రేటు కోసం, చివరికి కల్లం రైతు మనసు మారడం కోసం కూడా ప్రార్థించాడు. అందరూ కళ్లు మూసుకున్నారు. ఇన్నయ్య మూసుకోలేదు, వృత్తి అలాంటిది. రాజమ్మ కూడా మూసుకోలేదు. గ్లాసు కిటికీలో పెట్టి, గుట్టుగా కొంగుముడి విప్పుతోంది.

"ఇదిగో, దాచుకో," అంది గుసగుసగా. "ఎవరికీ చెప్పబాక."

కొంగులో మడతలు పడ్డ కాగితం. అందులో గోధుమరంగు ముద్ద ఒకటి, కాగితానికీ గుడ్డకీ అంటుకుపోయి, వేలు తగిలితే సాగుతోంది.

"ఏంటక్కా ఇది?"

"పోయిన ఆదివారం నాకిచ్చిన మందు, కాగితంలో మిగిల్చిన సగం. సిస్టరమ్మ అటు తిరగంగానే కొంగున కట్టా. ఉత్త నీళ్లు తాగి మూతి తుడుచుకున్నా."

"నువ్వు తాగలేదా?"

"అరవబాకరా! లోపల నిద్రపోయినదాన్ని లేపుద్దంట గందా, డాక్టరుగారే చెప్పాడు మాకు. నాదేముంది, పండుటాకుని. నువ్వు చిన్నోడివి. నీ చెయ్యి లేవాల." ఆమె అతని కట్టు మీద చెయ్యి వేసింది. "చెయ్యొకటేనా? నువ్వే లేవాల. మనిషివి వచ్చి కూసుంటావు, వచ్చినట్టే ఉండదు. నాకు చానా దిగులుగా ఉంటదిరా."

ఇన్నయ్య ఆ ముద్దనే చూస్తున్నాడు. తర్వాత మంచం పక్క కాగితం మీది పొడిని చూశాడు. ఇంత ఆవిరిలో, ఇంతసేపు ప్రార్థనలో, నోరు తెరుచుకుని పడున్న ఆ పొడి ఉప్పురవ్వలా పొడిపొడిగానే ఉంది. కాగితం కాస్త వంచాడు. జరజరా జారిపోయింది.

తేమ తగిలితే బెల్లంలా ముద్దయిపోతుంది అన్నాడు చీఫ్.

దాని వెనకాలే అన్నీ వరసగా వచ్చాయి. నోరెత్తకుండా పారిపోయిన దొంగలు. "ఇది మీ సీలేనా" అన్న ప్రశ్న. చచ్చేముందు కూడా వదలని స్పిరిట్ సీసా. పెట్టెను దోచుకోవడానికి ఎవరూ రాలేదు. పెట్టెకు ఒక కాపలాదారు కావాలి, నెత్తురోడుతూ తెచ్చాడని నలుగురూ నమ్మేవాడు కావాలి, అంతే. విషాన్ని సీలువేసి తన అక్క దగ్గరికి తనే తెచ్చాడు.

లోపల ఏదో కదిలింది. అది భయమని పోల్చుకోవడానికి ఇన్నయ్యకు కాస్త సమయం పట్టింది. ఏళ్ల తరబడి రాని చుట్టం గుమ్మంలో నిలబడితే ఎవరో ఏమిటో అని చూసినట్టు చూశాడు.

"ఆమెన్," అన్నాడు అంతోని.

వార్డంతా గ్లాసులు లేచాయి. రాజమ్మ కూడా కిటికీలోంచి గ్లాసు తీసి పెదవి దగ్గర పెట్టింది.

"తాగొద్దు!" ఇన్నయ్య ఆ గ్లాసును ఒక్క దెబ్బకు గోడకేసి కొట్టాడు. "ఎవరూ తాగొద్దు! పారబోయండి!"

అందరూ కొయ్యబారిపోయారు. చివరి మంచం మీద చెవిటి పిచ్చియ్య తాత మాత్రం నింపాదిగా గ్లాసు ఎత్తుతున్నాడు. ఇన్నయ్య మంచాల మీదుగా దూకి, ఆయన నాలుక మీద చుక్క పడేలోపు గ్లాసు లాగేశాడు. తాత గయ్యిమన్నాడు.

"నా మందు ఊడబెరుకుతన్నాడమ్మోయ్!"

"ఏమిటిది?" సిస్టర్ బెనెడిక్టా ముఖం ఎర్రబడింది. "మీకేమైనా మతి పోయిందా?"

"పోయినట్టే ఉంది," అంది పూనమ్ జాలిగా, లోపలికి వచ్చి. "నెత్తురు చాలా పోయింది పాపం. సిస్టర్, వేరే గ్లాసుల్లో మళ్లీ కలపండి. డోసు టైము దాటిపోతోంది."

"సిస్టర్, స్పిరిట్ తెప్పించండి," అన్నాడు ఇన్నయ్య. "రెండు గ్లాసుల్లో గోరువెచ్చని నీళ్లు. ఆ తర్వాత నన్ను పిచ్చాసుపత్రికి పంపినా సరే."

ఆమె ఒక్క క్షణం అతని కళ్లలోకి చూసింది. నర్సుకు సైగ చేసింది.

ఒక గ్లాసులో కొంగుముడి ముద్దను కలిపాడు. ఇంకోదాంట్లో పెట్టెలో పొడిని కలిపాడు. రెంటినీ వడకట్టి, రెండూ తేటగా అయ్యాక స్పిరిట్ పోశాడు. మొదటి గ్లాసులో కాసేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత తెల్లటి పోగులు పుట్టాయి, ఒకటి, ఇంకొకటి, గ్లాసు నిండా, చిలకలూరిపేట మిల్లులో ఎగిరే దూదిలా.

రెండో గ్లాసు నీళ్లలాగే ఉండిపోయింది. పెదకోటయ్య బల్ల మీద కనిపించిన గ్లాసు లాగా.

"అసలు మందు నీళ్లలో కరుగుతుంది, స్పిరిట్ పోస్తే విడిపోతుంది," అన్నాడు ఇన్నయ్య. "డాక్టరుగారు స్పిరిట్ తాగలేదు సిస్టర్. పెట్టె మారిందేమోనని టెస్టు చేస్తున్నారు. చేశారని చంపారు." పెట్టెలో పొడిని వేలికద్దుకుని నాలుకకు తగిలించి ఉమ్మేశాడు. నాలుక కొస చిమచిమలాడి మొద్దుబారింది. మొద్దుబారడమంటే ఏమిటో జిల్లా మొత్తంలో అతనికంటే బాగా తెలిసినవాడు లేడు. "వసనాభి విషం. ఒక గ్లాసుతో గుండె ఆగిపోతుంది."

సిస్టర్ శిలువ గుర్తు వేసుకుంది. రాజమ్మకు మాత్రం వేరే బాధ పట్టుకుంది.

"ఒరేయ్, నీ చెయ్యికని దాస్తే, దాన్ని తీసకపోయి స్పిరిట్లో పోశావా!"

అప్పటికే పూనమ్ చేతిలోని లిప్‌స్టిక్ మూత ఊడింది. అందులోంచి సన్నటి పిస్టల్ గొట్టం బయటికొచ్చింది.

"కదలొద్దు," అంది. గొంతులో తేనె లేదిప్పుడు. "చీఫ్‌కి నేను మనిషినే నాపరాయీ. జేడ్‌కి కూడా. జేడ్ ఎక్కువిస్తుంది. డాక్టరు బీరువాకి మారుతాళం, మార్చిన పెట్టెకి దొంగసీలు వేయించింది నేనే. ఈ వార్డు చస్తే ఈ మందు చస్తుంది, చచ్చిన మందు ఫార్ములాని ఎవరూ కాపలా కాయరు. మీ సీలు లేకపోతే ఈ సిస్టర్ టెస్టు చేయించేది. నా ప్లాన్‌లో బెస్ట్ పార్ట్ మీరే."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని ఊరికే అన్నారా!

ఆమె వెనక్కి నడుస్తూ తలుపు దాటి, గిరుక్కున తిరిగి పరిగెత్తింది. గోడ అవతల కల్లం పక్కన కొత్త మెటాడోర్ వ్యాను సిద్ధంగా ఉంది. షోరూంలోంచి నిన్ననే వచ్చింది, ఇంకా నంబరు కూడా పడలేదు. వెనక ఆనవాళ్లు మిగలకూడదని కొత్త బండి కొనిపించింది. ఎంత పకడ్బందీ! ఇంజను ఆన్‌లో ఉంచమని డ్రైవర్ యల్లమందకు మరీ మరీ చెప్పింది.

ఇంజను ఆన్‌లో లేదు. యల్లమంద బండి ముందు గొంతుకూర్చుని, బంపరుకు పసుపు రాసి, టైర్ల కింద ఒక్కొక్క నిమ్మకాయే పెడుతున్నాడు.

"ఏం చేస్తున్నావ్? స్టార్ట్ చెయ్!"

"ఉండండి మేడం, ఇంకో టైరుంది. కొత్త బండి."

"తర్వాత చేద్దువు గానీ, ఎక్కు!"

"అట్టా ఎట్టా కుదురుద్ది మేడం?" యల్లమంద నిజంగానే నొచ్చుకున్నాడు. "మొదటి ట్రిప్పు. నిమ్మకాయ తొక్కించకుండా బండి కదిలిస్తే మనం హైవే దాకా చేరతామా? మీకేమన్నా అయితే నేనేం సమాధానం చెప్పాల? తాళంచెవి ఆంజనేయస్వామి పటం కాడ పెట్టా, కొబ్బరికాయ కొట్టినాక తీస్తా."

"ఓరి నీ బండబడ! నిమ్మకాయలేందిరా నీ మొకానికి!"

షిఫాన్ చీరలోంచి అచ్చంపేట యాస బయటపడింది. తర్వాత పోలీసు స్టేషనులో తెలిసిందేమిటంటే ఆవిడ అసలు పేరు పున్నమ్మ.

ఇన్నయ్య గోడ దూకేసరికి ఆమె తిరిగి పేల్చింది. తూటా చెవి పక్కగా పోయింది. లిప్‌స్టిక్‌లో ఒకటే తూటా పడుతుంది. ఆమె ఇంక గత్యంతరం లేక కల్లానికి అడ్డంపడి పరిగెత్తింది. ఎండిన మిరపకాయల మీద ఎత్తు మడమల చెప్పులతో ఎవరు పరిగెత్తగలరు? గలగలమంటూ కాయలు జారాయి, ఆమె వెల్లకిలా పడింది. లేవబోతూ రెండు చేతులా కాయలు నలిపి, గింజలతో సహా అతని మీదికి విసిరింది. ఇన్నయ్య ముఖానికి కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. నెత్తుటితో తడిసిన కట్టుకి కారమంతా అంటుకుంది. ఇంకొకడైతే కెవ్వుమని పడి దొర్లేవాడు. ఇన్నయ్య అదే చేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

పూనమ్ ఆ చేతిని చూసింది, ముఖాన్ని చూసింది, తుమ్ముతూ, దగ్గుతూ, నమ్మలేనట్టు చూసింది.

"ఇప్పుడు కూడా బొత్తిగా లేదా?"

"లేదు," అన్నాడు ఇన్నయ్య.

వ్యానులో వెనక సీటు కింద అసలు మందుపెట్టె దొరికింది. ఇంకో నిమ్మకాయ తక్కువైతే అది ఈపాటికి మద్రాసు రోడ్డు మీద ఉండేది. కల్లం రైతు కర్రతో పరిగెత్తుకొచ్చి, గూఢచారులూ లేదు గాడిదగుడ్డూ లేదు, తొక్కిన కాయలకు ఎవరు సమాధానం చెబుతారని నిలదీశాడు. యల్లమంద మాత్రం, నిమ్మకాయ మహత్యం చూశారా, తొక్కించకముందే ఇంత గండం తప్పింది అని అందరికీ చెబుతూ స్టేషనుకు నడిచాడు.

*

అసలు పెట్టెలోంచి తీసిన ప్రతి పొట్లాన్నీ సిస్టర్ బెనెడిక్టా తనే టెస్టు చేసింది. పోగులు పుట్టాయి. ఈసారి అంతోని ప్రార్థన ఇంకా పొడుగ్గా సాగింది, ఎవరూ విసుక్కోలేదు. కాగితాల మీది పొడి ఆమెన్ అనేలోపే ముద్దలయింది. రాజమ్మను మాత్రం సిస్టర్ దగ్గరుండి తాగించి, నోరు తెరిపించి చూసి, కొంగు కూడా విప్పించి చూసి వెళ్లింది.

"థూ, చప్పగా జిగురుజిగురుగా ఉంది," అంది రాజమ్మ. "దీనికోసమా ఇంత మంది కొట్టుకుసస్తన్నారు?"

ఇన్నయ్య స్టూలు మీద కూర్చున్నాడు. ఒళ్లంతా చెమట. యథాలాపంగా కుడిచేత్తో ముఖం తుడుచుకున్నాడు. ఆ చేతికి ఏముందో ఆ చేతికి తెలియదు గదా.

కళ్లు భగ్గుమన్నాయి. నీళ్లు ధారగా కారాయి. ముక్కు, గొంతు, చెంపలు అన్నీ ఒక్కసారే మండిపోయాయి. మిరపకాయల గడ్డ మీద పుట్టిపెరిగినవాడు, కారం పట్టిన చేత్తో కళ్లు తుడుచుకున్నాడు!

రాజమ్మ తత్తరపడి లేచి కూర్చుంది. "ఏందిరా? ఏడుస్తన్నావా?"

"కారం అక్కా. చేతికి కారముంది."

ఆమె మంచం పక్కన చెంబులో నీళ్లతో కొంగు తడిపి అతని కళ్లు తుడిచింది. మళ్లీ తడిపింది, మళ్లీ తుడిచింది. క్వారీ నుంచి వచ్చిన సాయంత్రాల్లో, దుమ్ముకొట్టుకుపోయిన అతని ముఖం ఇలాగే తుడిచేది. కాసేపటికి మంట తగ్గింది. నీళ్లు ఆగలేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాగూర్ వలి అని ఒకసారి అన్నాడు. అక్కా, నేనే తెచ్చాను అది, నా చేత్తో నేనే తెచ్చాను అని చాలాసార్లు అన్నాడు. గ్లాసు ఆమె పెదవి దగ్గర ఉన్న ఆ క్షణమే కళ్ల ముందు ఆడుతోంది. అది తలుచుకుంటే ఒళ్లంతా నొప్పిగా ఉంది.

"ఇంకా కారమేనా?" అంది రాజమ్మ.

"కారమే."

"సరే, కారమే. ఎన్నేళ్లయిందిరా నువ్వు ఏడ్చి. ఏడువు, నేనెవరికీ చెప్పను." చుట్టుపక్కల మంచాలవాళ్లంతా మర్యాదగా గోడవైపు తిరిగి పడుకున్నారు. చెవిటి పిచ్చియ్య తాత ఒక్కడే తీరిగ్గా కూర్చుని చూశాడు.

సాయంత్రం ఇన్నయ్య టిఫిన్ క్యారియర్ కింది గిన్నె తీసి చీఫ్‌కి రిపోర్టు ఇచ్చాడు. కళ్లు ఇంకా వాచి ఉన్నాయి.

"వెల్ డన్ నాపరాయీ," అన్నాడు చీఫ్. "గాయాలు?"

"అరచేతిలో కత్తిగాటు సార్. కంట్లో కారం."

అవతల వైర్‌లెస్ కాసేపు గరగరలాడింది. "గొంతేమిటి అలా ఉంది? జలుబా?"

"కారం సార్," అని ఇన్నయ్య సెట్టు కట్టేసి, పై గిన్నెలోని నిన్నటి పులిహోర ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. పులిసిపోయింది. ఇన్నాళ్లకు రుచి తెలిసిన మొదటి ముద్ద అదే కావాల్సి వచ్చిందా అని తిట్టుకుంటూ ఉమ్మేశాడు.